ముందు బొత్తాం, వెనక దీపం

కార్తీక శుద్ధ తదియ

ఈ మధ్య కోంటలో ఎవరూ నోరు తెరిచి మాట్లాడడం లేదు. మాట సగం బయటపెట్టి సగం మింగుతున్నారు. అందుకే ఈ పుస్తకం కొనుక్కున్నాను. నేను రాసింది నాకు తేటగా కనబడుతుంది. ఒత్తులు తప్పుతాయి. తప్పితే తప్పనీ, చదివేది నేనే.

పడవకు ఇంజను పెట్టిస్తున్నానని శ్రీరంగం షావుకారు ఇవాళ దుకాణంలో చెప్పాడు. వాళ్ల నాయన కాలం నుంచి 'అన్నపూర్ణ' చుక్కాని నాదే. కోంట నుంచి కూనవరం దాకా శబరి మీద దాన్ని తెరచాపతో నడిపాను, గెడతో నడిపాను, గాలి లేని రోజు ఒడ్డున తాడు పట్టి లాగించాను. ఇప్పుడు ఇంజనట. డైనమో, బ్యాటరీ, ముందొక పెద్ద దీపం కూడానట. రాజమండ్రి నుంచి ఫిట్టరు వస్తాడు.

"మరి చుక్కాని ఎవరు పడతరు?" అని అడిగాను.

ఏదో అన్నాడు. మళ్లీ అడిగాను. ఎదురుగా వచ్చి నిలబడి చెప్పాడు.

"పున్నమి పోయినంక నువ్వుల లోడు కూనవరం పోవాలె. పొయ్యి వచ్చెదాక నువ్వే పట్టు. సక్కగ తోలితివా, ఎప్పటికీ నువ్వే. లేకుంటే లైసెన్సు డ్రైవర్ను కిందినుంచి తెప్పిస్త. అంతే ముత్యాలూ, దాపరికం లేదు."

నన్ను పరీక్ష చూస్తాడట. బొడ్డూడని నాటి నుంచి నా పడవెక్కి తిరిగినవాడు.

పంచమి

ఆయతు గొంతు పోయింది. నా పెళ్లాం లక్మే తమ్ముడు కదా అని ఏమీ అనలేదు గాని, నా బావమరిది ముసలివాడయ్యాడు. నాకంటే చిన్నవాడే. పడవ ముందు నిలబడి లోతు చెప్పడం వాడి పని. గెడ నీళ్లలో దింపి, తీసి, తడి తన ఒంటి మీద ఎక్కడిదాకా వస్తే ఆ మాట అరుస్తాడు. మోకాలు అంటే నేను ఆపాలి. నడుము అంటే నడవొచ్చు. రొమ్ము అంటే భయం లేదు. మునక అయితే అరవనే అరవడు. ఇన్నేళ్లూ ఈ మూడు మాటల మీదే బతికాం.

ఇవాళ మోకాలు అని అరిచానంటాడు. నా దాకా రాలేదు. పడవ ఇసుకను రాసుకుని ఆగింది.

"మూడుసార్లు కొట్టుకున్న బావా. అవతల మోటు ఊరి ఒడ్డుకు గూడ వినపడ్డది."

"నీ గొంతులో కప్ప కూసున్నది. మిరియాలు నమలు," అన్నాను.

వాడు లక్మే వైపు చూశాడు. లక్మే నా వైపు చూసింది. ఈ అక్కాతమ్ముళ్లకు చూపులెక్కువ.

అష్టమి

ఫిట్టరు దిగాడు. పేరు రామలింగం. సన్నంగా ఉంటాడు, చేతికి ఎప్పుడూ గ్రీజే. నన్ను సరంగు గారూ అంటాడు. మంచి పెంపకం. మాట మాత్రం వీడిదీ మింగుడే. గోదారి నీళ్ల వల్ల కాబోలు.

దశమి

ఇంజను కూర్చుంది. దాని చక్రం మీద నుంచి తోలుబెల్టు వేసి డైనమో తిప్పుతారు. డైనమో బ్యాటరీని నింపుతుంది. బ్యాటరీ దీపాన్ని వెలిగిస్తుంది. బ్యాటరీ లోపల ఆసిడ్ ఉంటుంది, చెయ్యి పెట్టొద్దన్నాడు. అది ఒరిగితే పలకలు తినేస్తుందట. టేకు పెట్టె చేసి, అడుగున ఇసుక పోసి, తాళ్లతో బిగించాను. ఎంత అల కొట్టినా కదలదు. రామలింగం దాన్ని ఊపి చూసి, పైకి ఎక్కి కూర్చున్నాడు.

తీగల దగ్గర మాత్రం తల గోక్కున్నాడు.

"మోటారు కారుకైతే ఒక్క తీగ చాలండి. తిరిగొచ్చే కరెంటు కారు ఇనుములోంచే వచ్చేస్తుంది. ఇది చెక్క కదండీ. వెళ్లడానికో తీగ, రావడానికో తీగ కావాలి."

"పోయిన కరెంటు మళ్లెందుకు వచ్చుడు? నది వస్తదా?"

"రాకపోతే వెలగదండి."

తీగ చాలలేదు. పడవ పొడుగంతా రెండు వరసలు కావాలి కదా. జగదల్‌పూర్ మోటారు బండి వాళ్లకు కబురు పెట్టి తెప్పించాం. తీగలు కొట్టిన మేకుల బొక్కలన్నిటికీ నేనే గుగ్గిలం కరిగించి పూశాను. ఈ పడవకు ఎవడు బొక్క పెట్టినా పూడ్చేది నేనే.

ఏకాదశి

ఇంజను తిరిగింది. ఒడ్డున లక్మే చెవులు మూసుకుంది. దోర్నపాల్ నుంచి నువ్వులు తెచ్చిన ఎడ్లు బండ్లతో సహా పరుగెత్తాయి. నాకు అంత చప్పుడేమీ అనిపించలేదు. మెత్తటి ఇంజను.

ద్వాదశి

ఖాళీ పడవ మీద పరీక్ష. షావుకారు ఎక్కాడు. ఇసుకలోకి దూసుకుపోయాం. తెరచాప రోజుల్లో రాసుకునేది, ఇంజనుతో దూసుకుపోయింది. ఆయతు ముందుకు పడి పెదవి చీల్చుకున్నాడు.

షావుకారు కోప్పడలేదు. అది నాకింకా నచ్చలేదు.

"ఖాళీ పడవకే గిట్లయితే, లోడు పడవ సంగతేంది?"

"ఇంజను చప్పుడుల వాని పీల గొంతు ఎట్ల ఇనబడతది?" అన్నాను.

రామలింగం మధ్యలో వచ్చాడు. "అది నిజమేనండి. ముందు కాలి బొత్తాం ఒకటి పెడతాను. కారులో దీపం వెలుగు దించడానికి ఉంటుంది చూడండి, అదే. ఆయన చేతులు గెడ మీదే ఉంటాయి, కాలితో నొక్కుతారు. సరంగు గారి దగ్గర గంట మోగుతుంది. మోకాలికి ఒకటి, నడుముకు రెండు, రొమ్ముకు మూడు."

"మునకకు?" అన్నాడు ఆయతు.

"మునకకు నొక్కకండి. హాయిగా చుట్ట కాల్చుకోండి."

నా మాటే నిజమైంది. తప్పు గొంతుది.

చతుర్దశి

గంట బిగించాడు. పనిచేయడం లేదు.

ఇంజను ఆపే ఉంది. ఆయతు ముందు నొక్కాడు. నేను చూస్తూ కూర్చున్నాను. "ఊఁ, నొక్కు," అన్నాను. నొక్కాను అన్నట్టు చెయ్యి ఊపాడు. గంట మీది చిన్న సుత్తి వణికింది గాని మోగలేదు.

"స్ప్రింగు పోయింది," అన్నాను రామలింగంతో.

అతను గంటను చూశాడు, నన్ను చూశాడు. రేవులో బట్టలుతికే ఆడవాళ్లు పనాపి మా వైపే చూస్తున్నారు. ఎందుకో తెలియదు.

"అవునండి. స్ప్రింగే," అన్నాడు.

సాయంత్రం అంబలి పోస్తూ లక్మే ఒక మాట అంది. నా చెవి దగ్గర నోరు పెట్టి అంది. అది రాయను.

పౌర్ణమి

రాస్తాను. "నీకు చెవులు పోయినయ్. గంటకు కాదు," అంది.

ఆమెకు పడవ సంగతి ఏం తెలుసు.

అంటే, తెలుసు. పుట్టిందే శబరి ఒడ్డున. పెళ్లికి ముందు వాళ్ల అయ్య దోనె తనే తోసేది. కాని గంటల సంగతి తెలియదు.

బహుళ పాడ్యమి

రామలింగం గంట పీకేశాడు. దాని చోట చిన్న బుడ్డి దీపం పెట్టాడు. కిరసనాయిలు డబ్బా కోసి, ఎండ పడకుండా గూడు చేసి, లోపల ఎర్ర గాజు అమర్చి, సరిగ్గా నా చూపు ఆనే చోట బిగించాడు. ముందు బొత్తాం నొక్కితే వెనక దీపం వెలుగుతుంది. మిట్టమధ్యాహ్నం కూడా దానిమ్మ గింజలా కనబడింది.

"గంటైతే పడవలో అందరికీ వినబడుతుందండి. ఒక్క గంట కొట్టారంటే ఎక్కినవాళ్లంతా లేచి నిలబడతారు. దీపమైతే మీకొక్కరికే. మీరు, ముందు మనిషి. మధ్యలో ఎవరికీ పని లేదు," అన్నాడు, నా ముఖంలోకి చూస్తూ, ఒక్కో మాటా విడదీసి.

అతని మాట బాగుపడింది. బస్తరు నీళ్లు పడ్డాయి.

బహుళ విదియ

మోకాలు, నడుము, రొమ్ము. ఒకటి, రెండు, మూడు. పొద్దున్నుంచి పడమటి ఎండ దాకా తిరిగాం. ఒక్కసారి కూడా రాసుకోలేదు. ఆయతు కావాలని తప్పుడు లెక్క నొక్కి, నేను ఆపగానే పళ్లన్నీ బయటపెట్టాడు. వాడి పీక నొక్కుదామనుకున్నాను. చాలా మంచి రోజు.

చవితి

తెల్లారి బయలుదేరాలి. ఆయతు రేవులో జెల్ల చేప ముల్లు తొక్కాడు. పాదం గుమ్మడికాయంత అయింది. నిలబడలేడు, ఇంక నొక్కేదేమిటి. చింతలనార్ దాకా మనిషిని పంపినా ఇప్పుడు గెడ మనిషి దొరకడు. అందరూ కోతల్లో ఉన్నారు.

లక్మే చీర గోచి బిగించి, వాడి గెడ తీసుకుని పడవెక్కింది. నన్నేమీ అడగలేదు.

"ఏంది?" అన్నాను.

కాలితో బొత్తాం నొక్కింది. వెనక దీపం ఒకసారి వెలిగింది, రెండుసార్లు వెలిగింది, మూడుసార్లు వెలిగింది. చాప మీద పడుకుని ఆయతు ఏదో అన్నాడు. ఆమె నవ్వింది. ఏమన్నాడో నా చెవిన పడలేదు.

పంచమి, కూనవరం

చెయ్యి నొప్పిగా ఉంది. అయినా ఇవాళ్టిది ఇవాళే రాయాలి.

నువ్వుల బస్తాలు, లక్క బస్తాలు, వాటి మీద షావుకారు. మధ్యలో ఇంజను దగ్గర రామలింగం. ముందు లక్మే. వెనక నేను. సరిహద్దు నాకాలో కాగితాలు చూపించి బస్తరు రాజ్యం దాటాం. నీళ్లు తగ్గుతున్నాయి గాని దారి ఉంది. దీపం చెప్పినట్టు తోలాను. రెండు వెలిగితే నడిపాను. మూడు వెలిగితే ఇంజను పెంచమని రామలింగానికి చెయ్యి ఊపాను. ఏమీ వెలగకపోతే కాళ్లు చాపుకున్నాను. షావుకారు బస్తాల మీద కునికాడు. చింతూరు దాటేదాకా నా బతుకులో ఇంత తేలికైన ప్రయాణం లేదు.

దాటాక నది పరుచుకుంది. రెండు వెలిగాయి. నడుము. నడిపాను. మళ్లీ రెండు. నడిపాను. ముందు లక్మే వెనక్కి తిరిగి నిలబడింది. నోరు కదులుతోంది. చెయ్యి కూడా ఊపింది. నేను దీపాన్ని చూశాను. దీపం నడుమే అంటోంది కదా.

పడవ గరగరమని అడుగు రాసుకుంటూ పోయి నిలిచిపోయింది. ఆ గరగర నాకు అరికాళ్లలో తెలిసింది. షావుకారు బస్తాల మధ్యకు జారిపోయాడు. రామలింగం ఇంజను ఆపేశాడు.

లక్మే బస్తాలు తొక్కుకుంటూ వచ్చింది. దగ్గరికొచ్చాక వినబడింది.

"ఎంతసేపు ఒర్లాలె? నడుము, నడుము అంటే నా నడుము. ఆయతు నడుము గాదు అని ఒర్లిన గదా."

"మరి ఒకటి నొక్కాలె గదా."

"ఒకటి మోకాలు. మోకాలు కాని దాన్ని మోకాలని ఎట్ల నొక్కాలె? అబద్ధమా?"

అప్పుడు వెలిగింది నాకు. ఆయతు తాటిచెట్టు. లక్మే వాడి చంకకు వస్తుంది. ఆమె నడుమంటే వాడి తొడలో సగం. ఈ పడవకు కావలసింది వాడి నడుము. కాపురం చేస్తున్న మనిషి ఎంత పొడుగో నాకు లెక్కలోకి రాలేదు.

షావుకారు లేచి ధోవతి దులుపుకున్నాడు. నాకెదురుగా నిలబడ్డాడు.

"ఆడమనిషి చేతికి గెడ ఇస్తే గిట్లనే అయితది. తప్పు ఆమెది, నీది గాదు. కూనవరంల వేరే మనిషిని పెట్టుకుందం. నువ్వే తోలు ముత్యాలూ. నువ్వు తప్పు చెయ్యలే."

చుక్కాని నాకే ఇచ్చేస్తున్నాడు. ఎప్పటికీ. ఊఁ అంటే అయిపోయేది. నోటిదాకా వచ్చింది కూడా. లక్మే గెడ పట్టుకుని నిలబడి ఉంది. ఏమీ అనలేదు. అనదని నాకు తెలుసు, నలుగురిలో నా పరువు తీయదు. ఆమె మెడలో నరాలు ఇంకా ఉబ్బే ఉన్నాయి, అంతగా అరిచింది.

"ఆమె ఒర్లింది షావుకారూ. నాకే ఇనబళ్లే," అన్నాను.

"ఇంజను చప్పుడుల ఎవనికి ఇనబడతది?"

"అవునండి, ఇంజను హోరండి," అన్నాడు రామలింగం.

ఇద్దరూ నాకు తప్పించుకునే దారి ఇస్తున్నారు. నాకు ఒళ్లు మండింది.

"ఇంజను లేకున్నా ఇనబడదు. ఆయతు గొంతు మంచిదే. గంట స్ప్రింగూ మంచిదే. నా చెవులే పోయినయ్. లక్మేను దించితే నన్నూ దించు."

ఎవరూ మాట్లాడలేదు. మాట్లాడినా నాకు వినబడకపోవచ్చు గాని, ముఖాలు చూశాను, మాట్లాడలేదు. తరవాత షావుకారు కడుపు పట్టుకుని నవ్వాడు.

"గది కోంట మొత్తానికి ఎరుకే. నేను నీ ముఖం ముందట నిలబడి మాట్లాడేది ఎందుకనుకున్నవ్, నీ అందం జూసా?"

"మరి లైసెన్సు డ్రైవరంటివి?"

"ఇనబడకున్నా ఇన్నట్టు తలకాయ ఊపుతవు జూడు, నా భయం దానికి. మొన్న నేను సరుకంత తడిసిపోయిందంటే, మంచిదే మంచిదే అన్నవ్." లక్మే వైపు తిరిగాడు. "నీకు తెల్సా, అన్నడు." ఆమె తల ఊపింది. మళ్లీ నా వైపు తిరిగాడు. "కండ్లు మంచిగున్నయా?"

"అవతల ఒడ్డున కొంగ ఒంటికాలి మీద నిలబడ్డది," అన్నాను. అతను చెయ్యి అడ్డం పెట్టుకుని చూశాడు. అతనికి కొంగే కనబడలేదు.

"తోలు మరి. ఇనబడకుంటే ఇనబళ్లేదను. అంతే."

అందరం నీళ్లలోకి దిగి తోశాం, షావుకారుతో సహా. తోసేముందు లక్మేను గెడ పక్కన నిలబెట్టి కొలిచాను. ఆయతు నడుము ఆమె పూసల దండ చివరికి వస్తుంది. ఆయతు మోకాలు ఆమె తొడ సగానికి. "పూసలు తడిస్తే రెండు నొక్కు. తడి పూసల కిందనే ఆగితే ఒకటే నొక్కు, ఆపేస్త," అన్నాను. ఆమె దండను ముందుకు లాగి సరిచేసుకుంది.

పొద్దు ఉండగానే కూనవరం చేరాం. సరుకు దిగింది. షావుకారు అక్కడి వాళ్లకు నన్ను చూపించి ఏదో చెప్పాడు. "ఇనబళ్లేదు," అన్నాను. మళ్లీ చెప్పాడు. "మా సరంగు అంటున్న," అన్నాడు.

రెండోసారి అడిగినందుకు మంచి మాట దొరికింది. అడగడం అంత కష్టమేమీ కాదు.

సప్తమి, కోంట

ఎదురీత. ఖాళీ పడవ. ఆయతు రేవులోనే కుంటుతూ ఎదురొచ్చాడు. చెవుల సంగతి వాడికి నేనే చెప్పాను. "ఔనా బావా," అని నోరు తెరిచాడు. వాడి నటన చూస్తే తన్నాలనిపించింది.

దారిలో జరిగింది రాసి పడుకుంటాను.

చింతూరు దాటాక నీళ్లు మునక. దీపం పని లేదు. కాళ్లు చాపుకున్నాను. దీపం వెలిగింది. ఉలిక్కిపడి చెయ్యెత్తాను, రామలింగం ఇంజను తగ్గించాడు. మళ్లీ వెలిగింది. నాలుగు. నాలుగుకు మాట లేదే. చూస్తే లక్మే గెడ ఒళ్లో పెట్టుకుని, అటు తిరిగి కూర్చుని, కాలు ఆడిస్తోంది. తరవాత ఇటు తిరిగి అంబలి సొరబుర్ర పైకెత్తి చూపించింది. తాగు అని.

తాగాను.

కాసేపటికి ఐదు. ఏమిటా అని చూస్తే నోటి ముందు వేలు ఆడించింది. చుట్ట పారెయ్యమని. పారెయ్యలేదు. మళ్లీ ఐదు. మళ్లీ ఐదు. పారేశాను. తరవాత ఆపకుండా నొక్కి పట్టింది, ఎర్ర దీపం అలాగే నిలిచిపోయింది. కునకొద్దని. నిజానికి అప్పుడు నేను కునుకుతున్నాను. కొండ మీద తగలబెట్టిన పోడు పొగ చూపించడానికి ఒకటి కనిపెట్టింది. నీళ్లు తాగుతున్న కణుజు దుప్పిని చూపించడానికి ఒకటి. షావుకారు గొణుగుడుకు ఒకటి. కోంట చేరేసరికి నాకు పెళ్లాం చెప్పిన మాటల్లో ఒక్కటీ పోలేదు. ఎన్నేళ్లయిందో అలా అయి.

రామలింగం రేపు వెళ్లిపోతాడు. దిగేటప్పుడు పెట్టెలోంచి ఇంకో కాలి బొత్తాం తీశాడు.

"సరంగు గారూ, తీగ మిగిలిందండి. ఇది మీ దగ్గర పెట్టి, ముందో దీపం పెడతాను. మీరూ జవాబు చెప్పొచ్చు."

నాకు నచ్చింది. లక్మేను అడగమన్నాను. అడిగాడు. ఆమె అతనికి చెప్పకుండా నా దగ్గరికి వచ్చి, నా ముఖానికి ముఖం పెట్టి, నిదానంగా చెప్పింది.

"వద్దు. నువ్వు మాట్లాడితే మోటు ఒడ్డుకు గూడ ఇనబడతది."

రామలింగం బొత్తాం పెట్టెలో వేసుకున్నాడు.